గేమ్ సందేహాలు: ఆట మొదట్లోనే సిటీ పోతుంటే

ఈసారి వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒకే గోడు. ఆట మొదలై కాస్త నిలదొక్కుకునేలోపే కంప్యూటర్ సైన్యంతో దిగి సిటీ లాక్కుంటోందని. అందుకే ఒకచోట పెట్టాం. ఆట సివిలైజేషన్ 6, అంటే టర్న్ (వంతు) తర్వాత టర్న్‌గా సిటీలు కడుతూ సైన్యం నడుపుతూ ఆడే కంప్యూటర్ గేమ్. కింద ఇచ్చిన అంకెలు అందులో స్టాండర్డ్ స్పీడ్‌కి సంబంధించినవి.

ప్రశ్న: కింగ్ లెవెల్‌లో బాగానే ఆడేవాణ్ని. అంతకన్నా కష్టమైన ఇమ్మోర్టల్‌కి మారాక ప్రతి ఆటా ఒకేలా పోతోంది. రెండో సిటీ పెట్టి స్టోన్‌హెంజ్ అనే వండర్ (ప్రత్యేక కట్టడం) మొదలెట్టేసరికి పక్కవాడు ఆరేడు వారియర్లతో వచ్చేస్తున్నాడు. నేను వాడి జోలికే పోలేదు. మరి నా మీదికే ఎందుకు?

జవాబు: జోలికి పోలేదు సరే, సైన్యం ఎంత పెట్టుకున్నారు? మీ ఉత్తరంలో ఆ ముక్క లేదు కాబట్టి ఒక వారియర్, ఒక స్కౌట్ అనుకుంటున్నాను. కంప్యూటర్ యుద్ధానికి దిగేముందు మీ సైనిక బలాన్ని తన బలంతో పోల్చి చూసుకుంటుంది. దగ్గర్లో ఉండి బలహీనంగా కనబడ్డారంటే మీరు మంచివారా కాదా అన్నది దానికి అనవసరం. స్టోన్‌హెంజ్ ఖరీదు 180 ప్రొడక్షన్ (సిటీ ఏదైనా తయారుచేసే శక్తి), ఆర్చర్ (విలుకాడు) ఖరీదు 60, అంటే మీరు ముగ్గురు ఆర్చర్ల ఖర్చుతో రాళ్ల వరస కట్టారన్నమాట. ఆ ముగ్గురూ ఉంటే యుద్ధం వచ్చేదే కాదేమో, వచ్చినా మీ సిటీ మీ దగ్గరే ఉండేది. నన్నడిగితే ఇమ్మోర్టల్ పైన తొలి వండర్ల పోటీ మొత్తం కంప్యూటర్‌కే వదిలెయ్యడం మేలు, కావాలంటే తర్వాత వెళ్లి వండర్ ఉన్న ఆ సిటీనే తెచ్చుకోవచ్చు.

ఆర్చర్లే ఎందుకంటే లెక్క చూడండి. వారియర్ బలం 20, ఆర్చర్ దూరం నుంచి కొట్టే బలం 25, అదీ రెండు టైల్స్ (మ్యాప్ మీది గడులు) అవతలి నుంచి. ప్రతి యూనిట్‌కీ ప్రాణం 100. ఇద్దరి బలం సమానంగా ఉంటే ఒక దెబ్బకి సుమారు 30 పోతుంది. ఇమ్మోర్టల్‌లో కంప్యూటర్ యూనిట్లకు 3 అదనపు బలం కలిసినా ఆర్చర్‌దే ఇంకా పైచేయి, కాబట్టి ముగ్గురు ఆర్చర్లు కలిసి ఒకే వారియర్‌ని కొడితే వాడు ఆ టర్న్‌లోనే చావచ్చు, లేదా కొనప్రాణంతో మిగులుతాడు. ఇక్కడే చాలామంది చేతులారా పాడుచేసుకుంటారు, ముగ్గురు ఆర్చర్లతో ముగ్గురు వారియర్లను తలా ఒక దెబ్బ కొట్టి వదిలేస్తారు. గాయపడ్డవాడు కాస్త తగ్గినా మళ్లీ కొడతాడు, చచ్చినవాడు కొట్టడు. ఒకణ్ని పూర్తిగా పడగొట్టాకే రెండోవాడి వైపు చూడండి.

ఆర్చర్లు తొందరగా రావాలంటే ముందు స్లింగర్‌తో (వడిసెలతో రాయి విసిరేవాడు) మొదలుపెట్టండి, దాని ఖరీదు 35 మాత్రమే. స్లింగర్‌తో ఎవరినైనా ఒకర్ని చంపితే ఆర్చర్లనిచ్చే ఆర్చరీ టెక్‌కి (నేర్చుకోవాల్సిన విద్య) యురేకా, అంటే తోడ్పాటు, వస్తుంది, ఇప్పటి వెర్షన్‌లో ఆ టెక్ ఖర్చులో 40 శాతం మిగిలినట్టే. స్లింగర్ పక్క టైల్‌ని మాత్రమే కొట్టగలదు కాబట్టి వారియర్‌తో బార్బేరియన్‌ని (ఏ దేశానికీ చెందని దోపిడీ మూక) సగం చంపించి చివరి దెబ్బ స్లింగర్‌కి వదలండి. ఈలోగా గోల్డ్ ఖర్చుపెట్టకుండా ఉంచుకుంటే టెక్ రాగానే స్లింగర్లందరినీ ఆర్చర్లుగా మార్చేసుకోవచ్చు. కళ్లముందు సైన్యం కనిపించాక కొత్త యూనిట్ మొదలుపెట్టడం కన్నా ఇది ఎన్నో రెట్లు వేగం.

ఇక ఎక్కడ నిలబడాలి. ఒక ఆర్చర్ సిటీలోపల ఉండాలి, ఎందుకంటే సిటీ పడేదాకా వాడినెవరూ తాకలేరు. వారియర్‌ని సిటీ పక్కనున్న కొండ మీద నిలబెట్టి ఫార్టిఫై (కదలకుండా కాపు కాయమనే ఆజ్ఞ) చేయండి, రెండు టర్న్‌లు కదలకుండా ఉంటే 6 అదనపు బలం, కొండ వల్ల ఇంకో 3. కొండలూ అడవులూ దాటి వచ్చే వారియర్ టర్న్‌కి ఒక్క టైలే కదులుతాడు, అంటే సిటీ చేరేలోపు మీ ఆర్చర్లకు అదనంగా ఒకటి రెండు దెబ్బలు దొరుకుతాయి. కాకపోతే ఆ కొండా ఆ అడవీ వాడిక్కూడా 3 బలం ఇస్తాయి, కాబట్టి ఇద్దరు కనిపిస్తే మైదానంలో ఉన్నవాణ్ని ముందు కొట్టండి. సిటీని చుట్టూ మూసెయ్యనివ్వకండి. దారి తెరిచి ఉన్నంతకాలం సిటీ టర్న్‌కి 20 చొప్పున కోలుకుంటుంది, ముట్టడిలో చిక్కితే అది ఆగిపోతుంది. రెండో సిటీ చోటు ఎంచుకునేటప్పుడే నది అవతల పక్కవాడు ఉండేలా చూసుకుంటే ఇంకా మంచిది, నది దాటి కొట్టేవాడి బలం తగ్గుతుంది. పంట బాగుందని వాడి రాజధాని పక్కనే మైదానంలో సిటీ పెట్టి తర్వాత బాధపడేవాళ్లే నాకు ఎక్కువగా రాస్తుంటారు.

ప్రశ్న: ఆర్చర్లు ముందా, గోడలు ముందా? నేనైతే ప్రతి సిటీలో మొదట గోడలే కడతాను.

జవాబు: ఆర్చర్లే ముందు. గోడ ఖరీదు 80, అది కట్టిన చోటే ఉంటుంది. ఆర్చర్ ఈ సిటీ నుంచి ఆ సిటీకి నడిచి వెళతాడు, బార్బేరియన్ క్యాంపులు తీస్తాడు, మీ సైనిక బలం లెక్కలోకి వస్తాడు. అలాగని గోడలు దండగ అనను. సివిలైజేషన్ 5లో ప్రతి సిటీ మొదటినుంచే శత్రువుని కొట్టగలదు, 6లో అలా కాదు, గోడ ఉంటేనే సిటీ రెండు టైల్స్ దూరం దాకా కొడుతుంది. అందుకని పక్కవాడి వైపు మొదట తగిలే ఒక్క సిటీకి గోడ కట్టండి, లోపలి సిటీలను వదిలెయ్యండి. డిఫెన్సివ్ టాక్టిక్స్ అనే సివిక్ (పాలనకి సంబంధించిన విద్య) వచ్చాక లైమ్స్ అనే పాలసీ పెట్టుకుంటే గోడల పని రెట్టింపు వేగంతో సాగుతుంది. క్వారీ (రాతి గని) ఒకటి కడితే గోడలకి కావాల్సిన మేసన్రీ టెక్‌కి యురేకా. ఒక్క జాగ్రత్త, శత్రువుతో బ్యాటరింగ్ రామ్ (గోడలు పగలగొట్టే దూలం) వచ్చిందంటే వారియర్ల దెబ్బ గోడకి పూర్తిగా తగులుతుంది, అప్పుడు గోడను నమ్ముకుని కూర్చోకుండా రామ్‌ని ముందు తీసుకొస్తున్న యూనిట్‌ని చంపాలి. సైన్యం గుమ్మం ముందుకొచ్చాక గోడ మొదలుపెట్టడం మాత్రం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ప్రశ్న: దాడి వస్తోందని ముందే తెలుసుకునే దారి ఉందా?

జవాబు: ఉంది. మిమ్మల్ని ఖండిస్తున్నట్టు ప్రకటించాడంటే అయిదు టర్న్‌ల తర్వాత లాంఛనంగా యుద్ధం ప్రకటించే హక్కు వాడికి వచ్చేస్తుంది, అది గంట మోగినట్టే. సర్‌ప్రైజ్ వార్‌కి (ఖండించకుండానే హఠాత్తుగా ప్రకటించే యుద్ధం) అలాంటి హెచ్చరికేదీ ఉండదు కాబట్టి స్కౌట్‌నో వారియర్‌నో వాడు వచ్చే దారిలో నిలబెట్టి ఉంచండి. మీరు ఎర్లీ ఎంపైర్ సివిక్ పూర్తి చేసేదాకా మీ సరిహద్దు ఎవర్నీ ఆపదు, వాళ్ల యూనిట్లు మీ టైల్స్ మీద తిరుగుతుంటే ఊరికే చూస్తూ ఉండకండి.

అసలు యుద్ధమే రాకుండా చూసే పని కూడా ఒకటుంది, జనం ఎందుకో దాన్ని పట్టించుకోరు. ఎవరైనా కొత్తగా పరిచయమైన టర్న్‌లోనే 25 గోల్డ్‌తో డెలిగేషన్ (స్నేహ బృందం) పంపండి. తర్వాత ముఖం మాడ్చుకోకుండా ఉన్నారనిపిస్తే స్నేహ ప్రకటన అడుగుతూ ఉండండి, ఒప్పుకుంటే 30 టర్న్‌లు వాళ్లు మీమీద యుద్ధం ప్రకటించలేరు. కంప్యూటర్ ఆడే నాయకుల్లో సుమేరియా గిల్గమేష్ ఈ విషయంలో బంగారం లాంటి మనిషి, ఎంత త్వరగా స్నేహం చేసుకుంటే అంత మంచిది, ఎందుకంటే వాళ్ల వార్ కార్ట్ (యుద్ధ రథం) బలం మొదటి టర్న్ నుంచే 30. పక్కన అజ్‌టెక్‌లు పడితే మాత్రం మొదటినుంచీ ఆర్చర్ల మీదే ఉండండి, వాళ్ల ఈగిల్ వారియర్ బలం 28.

ప్రశ్న: పెద్ద లెవెల్స్‌లో కంప్యూటర్ మోసం చేస్తుందంటారు, నిజమేనా?

జవాబు: చేస్తుంది, దాచుకోకుండానే చేస్తుంది. ప్రిన్స్ లెవెల్‌లో ఇద్దరికీ సమానం. అన్నిటికన్నా కష్టమైన డీటీలో అది ముగ్గురు సెట్లర్లు (కొత్త సిటీ పెట్టేవాళ్లు), అయిదుగురు వారియర్లతో మొదలవుతుంది, మీకు ఒక్కో సెట్లరూ వారియరూ, పైగా దాని ప్రొడక్షన్‌కి 80 శాతం అదనం, యుద్ధంలో ప్రతి యూనిట్‌కీ 4 బలం అదనం. యూనిట్లను నడపడంలో తెలివి మాత్రం ఏ లెవెల్‌లోనైనా అదే, గాయపడ్డవాణ్ని ఆర్చర్ల ముందుకే నడిపించుకుంటూ వస్తుంది.

ప్రశ్న: పక్క దేశం కన్నా బార్బేరియన్లే నన్ను చంపుతున్నారు.

జవాబు: వాళ్ల స్కౌట్ మీ సిటీని చూసి తల మీద ఆశ్చర్యార్థకంతో వెనక్కి పరిగెడుతుంది కదా, అది క్యాంపు చేరితేనే గుంపు బయలుదేరుతుంది. దారిలోనే చంపండి. డిసిప్లిన్ పాలసీ పెట్టుకుంటే వాళ్లమీద 5 బలం ఎక్కువ.

ప్రశ్న: దాడిని తిప్పికొట్టాను, వాడి సైన్యం దాదాపు అయిపోయింది. శాంతి అడగనా, ముందుకెళ్లనా?

జవాబు: యుద్ధం మొదలైన పది టర్న్‌ల దాకా శాంతి ఒప్పందం ఎలాగూ కుదరదు, కాబట్టి ఆ టర్న్‌లు వృథా చేయకండి. గ్యాదరింగ్ స్టార్మ్ అనే అదనపు ప్యాక్‌తో ఆడుతుంటే సర్‌ప్రైజ్ వార్ ప్రకటించినందుకు వాడిమీద మీకు 150 గ్రీవెన్స్‌లు (వాడు చేసిన తప్పుకి లెక్కలో చేరే పాయింట్లు) వచ్చి ఉంటాయి, వాడి సిటీ ఒకటి తీసుకున్నా మిగతా దేశాలు మిమ్మల్ని పెద్దగా తప్పుపట్టవు. గోడ లేని సిటీ దగ్గర్లో కనిపిస్తే ఆర్చర్లకు తోడు ఇద్దరు వారియర్లను తీసుకెళ్లి పట్టేసుకోండి. గోడ కట్టేసి ఉంటే ఆర్చర్లతో దాన్ని గోకుతూ కూర్చోవద్దు, దూరం నుంచి కొట్టే యూనిట్లు సిటీలమీద చాలా బలహీనం. పది టర్న్‌లు కాగానే ఒప్పందం తెరపై వాడి దగ్గరున్న గోల్డ్, టర్న్‌కి వచ్చే గోల్డ్ రెండూ అడగండి, ఓడిపోయినవాడు మీరనుకున్నదానికన్నా ఎక్కువే ఇస్తాడు.