సమాధానం: 1879లోనే 550 మైళ్లు ఉండగా 1882 నాటి 531 మైళ్లు రికార్డు ఎలా అయింది?

ఆరు రోజుల్లో కాళ్లమీద ఎవరు ఎక్కువ దూరం వెళ్తారో చూసే పాతకాలపు పోటీల రికార్డులతో మీరు వేసిన పట్టిక చూసి ఈ ప్రశ్న అడిగారు. అందులో అంకెలు తప్పు కాదు. రెండు వేర్వేరు రూల్స్ కింద జరిగిన ఆరు రోజుల పోటీలను ఒకే కాలమ్‌లో వేశారు, చిక్కంతా అక్కడే.

1. "రూల్" అని ఒక కాలమ్ చేర్చండి. మొదట్లో ఇవి అచ్చంగా నడక పోటీలే, పరుగెత్తితే ఒప్పుకోరు. 1878లో లండన్‌లో ఆస్ట్లీ బెల్ట్ (గెలిచినవారికి బెల్ట్ ఇచ్చే ఆరు రోజుల పోటీ) "మీ ఇష్టమొచ్చినట్టు వెళ్లండి" అంది. అంటే పరుగూ చెల్లుతుంది. చాలామంది వదిలేసేది ఇదే.

2. 1879లో అమెరికన్ పోటీదారు వెస్టన్ 550 మైళ్లు, 1888లో ఇంగ్లాండ్ పోటీదారు లిటిల్‌వుడ్ 623¾ మైళ్లు (సుమారు 1,004 కి.మీ.) ఈ "ఇష్టమొచ్చినట్టు" రూల్ కిందివే. 1882లో షెఫీల్డ్‌లో అదే లిటిల్‌వుడ్ చేసిన 531 మాత్రం పూర్తిగా నడకే. కాబట్టి అది నడక రికార్డు.

3. సగటు వేగం చూసి నడకో పరుగో తేల్చొద్దు. 144 గంటల్లో నిద్ర, తిండి కూడా కలిసే ఉంటాయి. మొత్తం 144 గంటలకు పంచితే 623¾ మైళ్లకు కూడా సగటు గంటకు 7 కి.మీ. దాటదు! పోటీ ప్రకటనలోని రూలే చూడాలి.

4. "500 మైళ్లు 3 చుట్లు" అని ఉంటే 500.3 అని వేయకండి. ఎనిమిది చుట్లకు మైలైన ట్రాక్‌పై అది 500.375. ట్రాక్ కొలత ఒక్కోచోట ఒక్కోలా ఉండేది, ముందు అది చూసుకోండి.