తుపాను రోజునే పోలింగ్ పడితే?

(ఎన్నికల డ్యూటీల్లో ఏళ్ల తరబడి పీవోగా (పోలింగ్ బూతు బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారిగా) పనిచేసిన ఒక రిటైర్డ్ మాస్టారు పాఠకులకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: మాది ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఊళ్లో సగం మందిమి బడిలోనే తలదాచుకున్నాం. మా పోలింగ్ బూతు కూడా ఆ బడే. లోక్‌సభ పోలింగ్ నాడే అలాంటి గాలివాన వస్తే మా ఓట్లు పోయినట్టేనా మాస్టారూ? ఓటరు కార్డు కొట్టుకుపోతే ఏం చెయ్యాలి?
- ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: పోవమ్మా. ప్రకృతి వైపరీత్యం వల్ల ఒక బూతులో పోలింగ్ జరపడం కుదరకపోతే దాన్ని వాయిదా వెయ్యాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. మళ్లీ ఏ రోజు, ఎక్కడ, ఏ వేళల్లో అన్నది ఎన్నికల సంఘం ఆమోదం తీసుకుని, నియోజకవర్గంలో ఎన్నిక నడిపే రిటర్నింగ్ అధికారి (ఆర్వో) ప్రకటిస్తారు. అది పూర్తయ్యేదాకా ఆ ఎన్నికలో ఓట్లు లెక్కపెట్టడానికి వీల్లేదు. అంటే మీ ఒక్క ఊరి కోసం నియోజకవర్గం మొత్తం ఆగాలి. ఈ చట్టంలో నాకు బాగా నచ్చిన మాట ఇదే.

కార్డు లేకపోయినా ఫరవాలేదు. జాబితాలో పేరుంటే ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో అంటించిన బ్యాంకు పాస్‌బుక్కు లాంటివి ఏదో ఒకటి చూపించి ఓటెయ్యొచ్చు. చిక్కేమిటంటే మన ఇళ్లలో అవన్నీ ఒకే ట్రంకు పెట్టెలో ఉంటాయి, పోతే అన్నీ కలిసే పోతాయి. హెచ్చరిక వినగానే ఒక్క పాస్‌బుక్కునైనా ప్లాస్టిక్ కవరులో చుట్టి ఒంటిమీద ఉంచుకోండి.

అసలు దిగులు వేరే ఉంది. చట్టం తేదీని మారుస్తుంది, మనిషి ఎక్కడికి పోయాడో చూడదు. ఇల్లు కూలినవాళ్లు కూతురింటికి పోతారు, కొబ్బరీ జీడీ నేలకూలినవాళ్లు కూలికి చెన్నై బస్సెక్కుతారు. ఓటు మాత్రం ఊళ్లో బూతు దగ్గరే ఉండిపోతుంది. 2012 అక్టోబరు 29న శాండీ తుపాను అమెరికాలో న్యూజెర్సీ తీరాన్ని దాటింది. నవంబరు 6న అధ్యక్ష ఎన్నిక. అక్కడ ఆ తేదీని దేశమంతటికీ చట్టమే ఖాయం చేసింది, రాష్ట్రాలు మార్చలేవు. న్యూయార్క్‌లో మాత్రం, ఇల్లు వదిలి వెళ్లినవాళ్లు రాష్ట్రంలో ఏ బూతులోనైనా ఓటెయ్యొచ్చని గవర్నరు ముందురోజు ఉత్తర్వు ఇచ్చారు. స్థానిక పదవుల ఓటు చెల్లకపోయినా, అధ్యక్షుడికి వేసిన ఓటు చెల్లింది. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో ఈమెయిల్‌లో, ఫ్యాక్సులో కూడా బ్యాలెట్ ఇచ్చారు. దరఖాస్తులు వచ్చిపడి కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసులకు ఊపిరాడలేదు, రాష్ట్ర ప్రభుత్వం గడువు పెంచాల్సి వచ్చింది. హడావిడిగా పెట్టిన ఏర్పాటు అలాగే ఉంటుంది, ముందే సిద్ధం చేసుకోవాలి.

మన దగ్గర కూడా 2024 లోక్‌సభ ఎన్నికల్లో, హింస వల్ల ఊళ్లు వదిలిన మణిపూర్ వాళ్లకు శిబిరాల దగ్గరే పోలింగ్ కేంద్రాలు పెట్టారు. తుపాను బాధితులకు కూడా ఆ పద్ధతే నిబంధనగా రావాలి. ఇది నేను గట్టిగా కోరుతున్నాను. 2019లో మనం ఏప్రిల్ 11న ఓటేశాం, ఒడిశాలో చివరి విడత 29న ముగిసింది. మే 3న పూరీ దగ్గర ఫణి తీరం దాటింది. నాలుగైదు రోజులు ముందొస్తే ఏమయ్యేదో ఊహించండి. అభ్యర్థి చనిపోవడంతో అప్పటికే ఆగి ఉన్న ఒడిశాలోని పట్కురా అసెంబ్లీ పోలింగ్ జులైకి పోయింది. సహాయ పనులకు అడ్డు రాకుండా మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, తూర్పు గోదావరి జిల్లాల్లోనూ ఎన్నికల కోడ్ సడలించాల్సి వచ్చింది.

ప్రశ్న: తుపాను వల్ల ఒక దేశం ఎన్నిక మొత్తం తారుమారైన సందర్భం ఉందా సార్?
- డిగ్రీ విద్యార్థి, విజయవాడ

జవాబు: 1970 పాకిస్తాన్ ఎన్నికల గురించి చదువు బాబూ. అక్టోబరు 5న జరగాల్సిన పోలింగ్‌ను తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) వరదల వల్ల డిసెంబరు 7కి జరిపారు. ఈలోగా నవంబరు 12 రాత్రి భోలా తుపాను వచ్చిపడింది. చనిపోయినవాళ్లు 3 లక్షలని, 5 లక్షలని అంచనాలున్నాయి. తుపాను ప్రాంతంలోని 9 స్థానాల్లో పోలింగ్ 1971 జనవరి 17న పెట్టి, మిగతా దేశమంతా అనుకున్న రోజే జరిపేశారు. సహాయం అందలేదన్న కోపం అప్పటికే జనంలో రగులుతోంది. తూర్పున ఉన్న 162 జనరల్ స్థానాల్లో 160 అక్కడి పార్టీ అవామీ లీగ్ గెలిచింది. తూర్పు ప్రాంతానికి స్వయంప్రతిపత్తి కావాలన్న గాలి ముందునుంచీ ఉంది కాబట్టి అంతా తుపాను వల్లే అనను. కానీ శవాలు పూడ్చుకుంటున్నవాళ్లను పట్టించుకోని ప్రభుత్వాన్ని జనం క్షమించలేదన్నది మాత్రం నిజం.

ప్రశ్న: నాకు మొదటిసారి పీవో డ్యూటీ పడింది. జోరువాన వస్తే పోలింగ్ ఆపేయొచ్చా?
- ఉపాధ్యాయుడు, కోనసీమ

జవాబు: వచ్చిపోయే జల్లుకీ, గట్టి గాలికీ ఆపకూడదని పీవోల చేతిపుస్తకంలోనే ఉంది తమ్ముడూ. ఈవీఎం బ్యాటరీ మీద నడుస్తుంది, కరెంటు పోయినా ఆగదు. వెలుతురు మాత్రం నువ్వే చూసుకోవాలి. టార్చీలైట్లు వెంట తీసుకెళ్లు, వాటి వెలుగు వీవీప్యాట్ (ఎవరికి ఓటు పడిందో చీటీ మీద చూపే యంత్రం) మీద నేరుగా పడనివ్వకు. వెళ్లగానే పైకప్పు కారే చోటు చూసి, ఓటు వేసే అర దానికీ కిటికీకీ దూరంగా పెట్టించు.

నిజంగానే ఆపాల్సి వస్తే వెంటనే ఆర్వోకు చెప్పు. అప్పటిదాకా పడిన ఓట్ల లెక్క రాసి, యంత్రాన్ని మామూలు పోలింగ్ ముగిసినట్టే సీలు చెయ్యి. మార్కుడ్ కాపీని (ఓటేసినవాళ్ల పేర్లు గుర్తుపెట్టిన ఓటరు జాబితాను) కంటికి రెప్పలా చూసుకో. వాయిదా పోలింగ్ నాడు అదే మళ్లీ విప్పుతారు, అప్పటికే వేసినవాళ్లకు రెండోసారి ఉండదు. యంత్రమే నీటిపాలైతే 58వ సెక్షన్ కింద అందరూ మొదటినుంచి వెయ్యాలి.

వాన తెరిపివ్వగానే జనం ఒక్కసారిగా వస్తారు. టైము అయ్యేసరికి లైను పొడుగ్గా ఉంటే కంగారుపడకు. సంతకం చేసిన చీటీలు లైను చివర నిలబడ్డ మనిషికి ఒకటో నంబరు ఇచ్చి, అక్కణ్నుంచి ముందుకు పంచుకుంటూ రా. చీటీ అందినవాళ్లందరూ వేసేదాకా, ఎంత రాత్రయినా, క్లోజ్ బటన్ మీద చెయ్యి పెట్టకు.