వెబ్‌సైట్ మూసేస్తే బాకీ రాదు, కేసు మీ మీదికే వస్తుంది

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఫ్రీలాన్సింగ్ ప్లాట్‌ఫాంలో పరిచయమైన బెంగళూరు ఫర్నిచర్ వ్యాపారికి వెబ్‌సైట్ చేసిచ్చాను. కమీషన్ దండగ, బయట చూసుకుందామంటే సరేనన్నాను. రూ.2 లక్షలకు మాట్లాడుకుని, ఫోన్‌పేలో రూ.20 వేలు అడ్వాన్స్ పంపాడు. 2024 మార్చి 12న పని అప్పజెప్పాను. మిగతా రూ.1.80 లక్షలు ఇస్తానని ఆ అక్టోబరులో మెయిల్ పెట్టాడు. పోయిన నెల అతని ప్రొఫైలే మాయమైంది. ప్లాట్‌ఫాంవాళ్లు మాకు సంబంధం లేదంటున్నారు. చాట్ ఉన్న పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాను, స్క్రీన్‌షాట్లున్నాయి. చెల్లె పెళ్లికి అమ్మ నగలు కుదువపెట్టి టెన్షన్‌తో నిద్రపట్టడం లేదు. ప్లాట్‌ఫాం మీద కేసు వేయొచ్చా? అడ్మిన్ పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది, సైట్ మూసేయమని దోస్తులంటున్నారు.

జవాబు: నగల సంగతి కోర్టు అడగదు. మీ కేసును తేల్చేది బాకీ ఒప్పుకుంటూ అతను పెట్టిన ఆ మెయిల్. దాన్ని మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు.

ముందు ఆ పాస్‌వర్డ్ జోలికి పోకండి. డబ్బులు రాకపోయినా సరే, యజమాని అనుమతి లేకుండా లోపలికి వెళ్లి సైట్ ఆపేస్తే ఐటీ చట్టం సెక్షన్ 43, 66 కింద మూడేళ్ల దాకా జైలు, రూ.5 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఎగ్గొట్టినవాడు ఫిర్యాదుదారు, మీరు ముద్దాయి అవుతారు.

కమీషన్ మిగులుతుందని బయటి బేరానికి ఒప్పుకున్నది మీరే, డబ్బు ప్లాట్‌ఫాం ద్వారా నడవలేదు కాబట్టి దాని మీద దావా నిలబడటం కష్టం, పైగా వాడుకునేవాళ్లు చేసినదానికి ప్లాట్‌ఫాం బాధ్యత ఉండదనే ఐటీ చట్టం సెక్షన్ 79 రక్షణ అడ్డుపెట్టుకుంటారు. అలాగని ప్లాట్‌ఫాంవాళ్లు ఎవరిని పడితే వాళ్లను చేర్చుకుని, మోసం జరిగాక మొహం చాటేస్తే ఊరుకోవాల్సిన పని లేదు. 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఖాతా రద్దయ్యాక కూడా రిజిస్ట్రేషన్ వివరాలు 180 రోజులు ఉంచాలి, ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ మీ ఫిర్యాదును 7 రోజుల్లో పరిష్కరించాలి. ఆ 180 రోజుల్లో నెల అప్పుడే పోయింది. ఆ వివరాలు చెరపొద్దని ఈ రోజే రాసి పంపండి, రేపు కోర్టు ద్వారా తెప్పించుకోవచ్చు.

చెల్లింపుకు తేదీ రాసుకోలేదు కాబట్టి కాలపరిమితి చట్టం ఆర్టికల్ 18 ప్రకారం దావా వేయడానికి పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్ల గడువు, అంటే 2027 మార్చి 12 దాకా. మెయిల్‌తో గడువు మళ్లీ మొదలైందని అదే చట్టం సెక్షన్ 18 కింద వాదించొచ్చు, కానీ సంతకమేదని అవతలి వకీలు అడ్డుపడతాడు. మార్చి 12నే ఆఖరు అనుకోండి, పెళ్లయ్యాక చూద్దామనొద్దు.

లక్షా ఎనభై వేల బాకీ రావాల్సిన మనిషి చాట్ ఉన్న ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేస్తాడా? ఫోన్ లేకపోతే ఆ స్క్రీన్‌షాట్లు మార్చినవని అనడం అవతలివాళ్లకు చాలా తేలిక. మెయిల్ మాత్రం ఇన్‌బాక్స్‌లోనే ఉంది, డిలీట్ కానివ్వకండి. దాన్ని కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్, హ్యాష్ వాల్యూతో (ఫైలు మారలేదని చూపే కోడ్) సహా పెట్టాలి. రూ.20 వేలు జమైన బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి, పంపినవాడి పేరు, యూపీఐ ఐడీ మామూలుగా అందులో ఉంటాయి. మీరు చేసిన సైట్‌లోనే అడుగున జీఎస్టీ నంబరుందేమో చూడండి, జీఎస్టీ పోర్టల్‌లో కొడితే అసలు పేరు, చిరునామా వస్తాయి.

ఆ చిరునామాకు 15 రోజుల గడువుతో వకీలు నోటీసు స్పీడ్‌పోస్టులో, మెయిల్‌లో పంపండి. పలకకపోతే మిర్యాలగూడలోనే దావా వేయొచ్చు, పని అక్కడే చేశారు, అడ్వాన్సూ అక్కడి ఖాతాకే వచ్చింది. ఖర్చుకు వెనకాడితే అక్కడి న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి ముందు లోక్ అదాలత్ దరఖాస్తు పెట్టండి, కోర్టు ఫీజు ఉండదు, కాకపోతే అవతలివాడు వచ్చి ఒప్పుకుంటేనే తేలుతుంది. ఇక పోలీసు కేసంటారా, మొదటి నుంచే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపిస్తేనే భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 318 కింద మోసం అవుతుంది. ఇతని చేతిలో ఇలాగే నష్టపోయిన ఇంకో ఇద్దరు దొరికితే వాళ్ల కాగితాలూ కలిపి ఫిర్యాదు ఇవ్వండి.