టేకు అన్నారు, లోపల ప్లైవుడ్ ఉంది: మిగతా సొమ్ము ఇవ్వాలా?

ప్రశ్న: మాది మెహదీపట్నం. ఒక ఫర్నిచర్ కార్ఖానాలో ఆరు సొరుగుల బల్ల చేయించుకున్నాం. మొత్తం టేకు అని చెప్పి 68,000 రూపాయలకు ఒప్పుకున్నారు. 50,000 ఇచ్చాం. పక్కా బిల్లు లేదు. చేత్తో రాసిన చిట్టీ, వాట్సాప్ మెసేజ్‌లు ఉన్నాయి. నాలుగు నెలలకే, వానలు మొదలవగానే సొరుగులు బిగుసుకుపోతున్నాయి. పక్క పలక అంచు లేచి ప్లైవుడ్ బయటపడింది. అడుగున సన్నటి పొడి రాలుతోంది. వానాకాలం అంతేనంటూ మిగతా 18,000 అడుగుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీ మూడు ఫిర్యాదుల్లో గట్టిగా నిలిచేది ప్లైవుడ్ సంగతి. నోటీసులో దాన్నే ముందు పెట్టండి. సొరుగుల బిగుతుతో మొదలుపెడితే, ‘కలప వానకు ఉబ్బుతుంది’ అన్న ఒక్క మాటతో అవతలివారు తప్పుకోగలరు. ఆ మాటలో కొంత నిజం కూడా ఉంది.

కలప తేమ పీల్చినప్పుడు పీచుకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు ఉబ్బదు. 200 మిల్లీమీటర్ల ఎత్తున్న సొరుగు పలక వానల్లో ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరగొచ్చు. తెలిసిన వడ్రంగి అందుకే పైనా కిందా 2, 3 మిల్లీమీటర్ల సందు వదులుతాడు. సొరుగు కుడి ఎడమలకు రాసుకుంటుంటే మాత్రం వానను అనడానికి లేదు, పీచు పొడవు అటే ఉంటుంది కాబట్టి. గూడు మూలమట్టానికి లేకపోయి ఉండాలి, లేదా ఛానెల్‌కు (సొరుగు జారే లోహపు పట్టాకు) చోటు చాలకపోయి ఉండాలి. మామూలు టెలిస్కోపిక్ ఛానెల్‌కు ఒక్కో పక్క 12.5 నుంచి 13 మిల్లీమీటర్లు కావాలి. సొరుగు తీసేసి గూడును మూల నుంచి మూలకు రెండు వైపులా టేపుతో కొలవండి. రెండు కొలతలకూ 3 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే పనితనం లోపమని వాదించవచ్చు. ఫొటోలో టేపు అంకెలు కనపడాలి.

పొడి సంగతి. టేకు చేవను (మాను లోపలి ముదురు చెక్కను) పురుగు అంత తేలిగ్గా పట్టదు. పొడి రాలుతోందంటే చేవ లేని తెల్ల చెక్కో, వేరే కలపో, నాసి ప్లైవుడో కలిసి ఉండే అవకాశం ఎక్కువ. ఆ పొడిని ఊడ్చేయకుండా కాస్త కవర్లో దాచండి.

ఇక చట్టం. వర్ణనను బట్టి కొన్న సరుకు ఆ వర్ణనకు సరిపోవాలని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. ‘మొత్తం టేకు’ అన్నది వర్ణనే. అదే చట్టం 59వ సెక్షన్ ప్రకారం, సరుకు నాసిరకమైతే ఆ మేరకు ధర తగ్గించమని కోరవచ్చు. కాబట్టి 18,000 ఆపుకోవచ్చు, కానీ కారణం రాతలో చెప్పి ఆపండి. ఫోన్ ఎత్తకుండా ఊరుకుంటే బాకీ ఎగ్గొట్టినవారు మీరే అవుతారు.

ఒక్కటి మీరు రాయలేదు: కలప ఎవరు కొన్నారు? కార్ఖానావారే కొంటే బాధ్యతంతా వారిదే. మీరే టింబర్ డిపోలో కొనిచ్చి ఉంటే కలప లోపానికి డిపోను, పనితనానికి వడ్రంగిని అడగాలి, నోటీసు ఇద్దరికీ వెళ్లాలి. రోజు కూలికి మీ ఇంట్లో, మీరు చెప్పినట్టు చేసినవారిపై వినియోగదారుల ఫిర్యాదు నిలవడం కష్టం. వ్యక్తిగత సేవా ఒప్పందాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ‘సేవ’గా లెక్కించదు. గుత్తకు ఇచ్చిన పనికి ఆ చిక్కు లేదు.

ముందు స్పీడ్ పోస్టులో, అందినట్టు రసీదు వచ్చేలా నోటీసు పంపండి. ఒప్పుకున్న ధర, చెప్పిన కలప, కనిపించిన లోపాలు, మీరు కోరేది (మార్చి ఇవ్వడమో, డబ్బు వాపసో), 15 రోజుల గడువు రాయండి. ఈలోగా వేరే వడ్రంగితో రంధా పట్టించకండి. సాక్ష్యం ఆ చెక్కపొట్టుతోనే పోతుంది. చిట్టీ, యూపీఐ చెల్లింపుల వివరాలు, మెసేజ్‌లు భద్రం చేయండి. పాత ఫోన్ అమ్మేయకండి. బిల్లు ఇవ్వకపోవడం మీ తప్పు కాదు, చట్టం దృష్టిలో అది వారి అనుచిత వ్యాపార పద్ధతి.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ తేలకపోతే హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లోనూ వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. లోపం బయటపడ్డ నాటి నుంచి రెండేళ్ల గడువుంది.

చెక్క ముక్క కోసి సొంతంగా పరీక్షకు పంపితే, అది ఆ బల్లదేనా అని అవతలివారు ప్రశ్నిస్తారు. ఫిర్యాదుతోపాటే వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద నమూనాను ల్యాబ్‌కు పంపమని కమిషన్‌ను కోరండి. బెంగళూరులోని వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ సంస్థ కలప జాతిని గుర్తించి నివేదిక ఇస్తుంది. మీ కేసులో ఆ కాగితం వంద ఫొటోల పెట్టు.