హెనాన్ అంటే షావోలిన్ గుడి ఒక్కటేనా?

"చైనాలో హెనాన్ ప్రావిన్స్ ఎలా ఉంటుంది? షావోలిన్ గుడి కాకుండా ఏమైనా ఉందా?" అని అడిగారు. నేను ఎంబీబీఎస్ చదివింది దాని రాజధాని జెంగ్‌జౌలోనే. ఆ కుంగ్‌ఫూ గుడి తర్వాత చూద్దురుగాని, ముందు నది దగ్గరికి వెళ్ళండి.

హెనాన్ అన్న పేరుకి అర్థమే 'నదికి దక్షిణం'. ఆ నది హువాంగ్ హో. 'చైనా దుఃఖదాయని' అని బడిలో బట్టీ పట్టామే, అదే.

సెకండియర్‌లో ఉండగా క్లాస్‌మేట్‌తో కలిసి కైఫెంగ్ వెళ్ళాను. ఊరు దాటి ఉత్తరానికి పోతే కరకట్ట వచ్చింది. మాది రాజమండ్రి. గట్టెక్కితే గోదావరి కింద కనబడాలి. ఇక్కడ ఆయాసపడుతూ అంత కట్ట ఎక్కామా, అవతల దిగాల్సింది కొంచెమే, నీళ్ళు వచ్చేశాయి. వెనక్కి తిరిగితే గోధుమ చేలూ, ఇళ్ళూ నదికన్నా పల్లంలో ఉన్నాయి! ఎగువ నుంచి తెచ్చిన ఒండ్రుని నది ఈ మైదానంలో వదిలేస్తుంది. అడుగు పెరిగిన కొద్దీ జనం కట్ట పెంచుతూ వచ్చారు. వేరుశెనగకాయలు అమ్ముకుంటున్న ఒక పెద్దాయన కాలితో నేలను తట్టి, "దీని కింద ఒక ఊరు, దాని కింద ఇంకో ఊరు" అన్నాడు. నిజమే, సోంగ్ రాజుల రాజధాని అక్కడ మట్టి కిందే ఉంది. 1642 వరద ఒక్కటే ఊరంతటినీ ముంచేసింది. సీసాలో పట్టుకొచ్చిన నీళ్ళు తెల్లారేసరికి తేరుకుని, అడుగున వేలెడు మట్టి కనిపించింది.

హెనాన్ విస్తీర్ణం ఇంచుమించు మన ఆంధ్రప్రదేశ్ అంతే, 1,67,000 చదరపు కిలోమీటర్లు. జనం మాత్రం 2020 లెక్కల్లో 9.9 కోట్లు. పడమర ఫునియు కొండలు, తూర్పంతా చదును. చైనా గోధుమల్లో నాలుగో వంతు ఇక్కడే పండుతుంది. అలాంటి వాళ్ళని పట్టుకుని వేరే ప్రావిన్సుల క్లాస్‌మేట్లు "హెనాన్ వాళ్ళతో జాగ్రత్త" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. ఐదేళ్ళలో నన్ను మోసం చేసినవాడు అక్కడ ఒక్కడూ లేడు. మన పిల్లలూ తక్కువేం కాదు, హాస్టల్, ఇండియన్ మెస్ తప్ప ఏమీ చూడకుండానే వెనక్కొచ్చేస్తారు.

గుడే చూడాలంటే లోయాంగ్‌లో తెల్లగుర్రం గుడికి వెళ్ళండి. మన దేశం నుంచి బౌద్ధ భిక్షువులు వచ్చి ఉన్నారని చెప్పే చోటు అది. సాంచీ స్తూపంలా మన ప్రభుత్వం అక్కడ కట్టించిన మందిరాన్ని 2010లో ప్రతిభా పాటిల్ ప్రారంభించారు. పొద్దున్నే వెళితే దారిలో హులాతాంగ్ అనే సూప్ తాగండి. మిరియాల ఘాటు ముక్కుకెక్కుతుంది, జలుబుంటే అక్కడితో సరి.