ఇంజన్ రంగు ఇంజన్‌లోనే ఉంది

చిరంజీవి మేనల్లుడికి,

విజయవాడ ఆటోనగర్ నుంచి మావయ్య ఆశీస్సులు. అక్కకి మోకాలి నొప్పి తగ్గిందని విన్నాను, సంతోషం.

నీ పాత మిలటరీ ట్రక్కు శక్తిమాన్ ఇంజన్ కిందికి దించావట. ఫొటోలు చూశాను. దానికి ఏ రంగు బాగుంటుందని అడిగావు. పెళ్లిబస్సుకైతే ఆ ప్రశ్న సరిపోతుంది. మిలటరీ ట్రక్కు విషయంలో మాత్రం ముందు ఏ రంగు ఉండేదో తేల్చాలి. నచ్చడం, నచ్చకపోవడం ఆ తర్వాత.

'ఫ్యాక్టరీ రంగేదో ఒక్క ముక్కలో చెప్పు మావయ్యా' అంటావని తెలుసు. అంత తేలిగ్గా తేలదురా. రెండో ప్రపంచ యుద్ధపు జీపులే చూడు. ఒకే నమూనా మీద విల్లీస్, ఫోర్డ్ రెండు కంపెనీలూ తయారుచేశాయి. దీని సామాను దానికి పడుతుంది. అయినా ఫోర్డ్ జీపు బానెట్ ఎత్తితే బూడిద రంగు ఇంజన్, విల్లీస్‌లో ఆలివ్ ఆకుపచ్చ. మరి నీ శక్తిమాన్? జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో 1959లో జబల్‌పూర్‌లో మొదలై 1996 దాకా తయారైన బండి. అన్నేళ్లూ ఒకే డబ్బాలో రంగు వాడారనుకోకు. పైగా సైన్యంలో ఓవరాలింగ్‌కి వెళ్లిన ఇంజన్ మళ్లీ అదే బండికి రావాలని లేదు. వర్క్‌షాపులో ఆ రోజు చేతికందిన రంగు కొట్టి, వరసలో ముందున్న బండికి బిగించేస్తారు.

అందుకని ఇంటర్నెట్‌లో ఫొటోలు చూడటం ఆపి, ఇంజన్‌ దగ్గర కూర్చో. డైనమో బ్రాకెట్ విప్పి దాని వెనక వైపు చూడు. ఇంజన్‌ని ఛాసిస్‌కి బిగించే ఫౌండేషన్ల కింద, అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ అంచున, ఇంజన్ నెత్తి మీది ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ పక్కన చూడు. స్ప్రే గన్ మళ్లీ మళ్లీ చేరని మూలలవి. అక్కడ మట్టీ జిడ్డూ పోయేలా కిరోసిన్‌తో కడిగి, 1000 నంబరు వాటర్ పేపర్ తడిపి, రూపాయి బిళ్లంత మేర గుండ్రంగా రుద్దు. తొందరపడకు. నడుమ ఇనుము కనపడేసరికి ఆపెయ్. చుట్టూ రంగులు వలయాలుగా తేలతాయి. ఇనుముని ఆనుకుని రెడ్ ఆక్సైడ్ (రంగుకి ముందు కొట్టే ప్రైమర్ పూత), దాని చుట్టూ మొట్టమొదటి రంగు, ఆపైన ఒకదాని తర్వాత ఒకటి. ఒక్క చోట చూసి నమ్మకు. మూడు నాలుగు చోట్ల అదే వరస రావాలి. పొడిగా మాత్రం రుద్దొద్దు, పాత రంగుల్లో సీసం ఉంటుంది. తడిపి రుద్దినా ముక్కుకి మాస్కు కట్టుకో.

నువ్వు పంపిన మూడో ఫొటోలో డైనమో పక్కన పెచ్చు లేచిన చోట పైన సిల్వర్, దాని కింద ఆకుపచ్చ, అడుగున సన్నగా బూడిద అంచు కనపడుతున్నాయి. సిల్వర్ ఎవరో అమ్మకానికి ముందు మెరుపు కోసం కొట్టించింది, దాని సంగతి వదిలెయ్. చిక్కల్లా మిగతా రెండింటితోనే. ఇంజన్ నంబరు బండి కాగితాల్లో ఉన్నదానితో కలిస్తే బూడిదకి వెళ్లు. కలవకపోతే అది మధ్యలో వచ్చిన ఇంజన్. అప్పుడు ఈ ట్రక్కు చూసిన రంగు వర్క్‌షాపు ఆకుపచ్చే. నేనైతే సందేహించకుండా అదే కొడతాను. బూడిద కొడితే పుట్టుకతో వచ్చిన ఇంజనని నలుగురికీ అబద్ధం చెప్పినట్టు.

ఆకుపచ్చ అన్నాను కదా అని క్యాబిన్‌కి కూడా కొట్టేవు! 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121వది చూడు. రక్షణ శాఖ బండ్లకి తప్ప ఇంకెవరి బండికీ ఆలివ్ గ్రీన్ వేయకూడదు. బాడీ రంగు ఆర్‌సీలో రాసి ఉన్నట్టే ఉండాలి. మార్చాలంటే ముందు ఆర్టీవో ఆఫీసుకి వెళ్లు.

రంగు కలిపించేటప్పుడు సెల్‌ఫోన్‌లో ఫొటో చూపించకు, ఒక్కో తెర ఒక్కో రంగు చూపిస్తుంది. ట్యాపెట్ కవర్ ఊడదీసి, అసలు రంగు బయటపడిన ముక్కే తీసుకురా. మన దేశపు రంగుల ప్రమాణం ఐఎస్ 5లో ఆలివ్ గ్రీన్‌కి 220 నంబరు ఉంది. కొట్టువాడితో మాట మొదలుపెట్టడానికి అది చాలు, ఆఖరి తీర్పు మాత్రం ముక్కదే. కలిపిన రంగు రేకు మీద పూసి, ఆరాక, ట్యూబ్‌లైటు కింద కాకుండా బయట నీడలో పోల్చు. తడి మీద ఒకలా, ఆరాక ఒకలా ఉంటుంది. మెరుపు సగానికి తగ్గించమను. పూర్తి మ్యాట్ ముచ్చటగా ఉంటుంది గానీ ఆయిల్ చుక్క పడితే తుడిచినా పోదు.

ఇంజన్ బ్లాక్ వేడి, లోపల తిరిగే నీళ్ల వేడిని దాటి పెద్దగా పోదు, తొంభై వంద డిగ్రీలు. మంచి సింథటిక్ ఎనామెల్ దానికి తట్టుకుంటుంది. ఇంజన్ పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ సంగతి వేరు. ఎంత ఖరీదు ఎనామెల్ కొట్టినా మొదటి రోజే పొగలొచ్చి బొబ్బలెక్కుతుంది. దానికి హీట్‌ప్రూఫ్ రంగు కొట్టు, లేదా పోత ఇనుము అలాగే వదిలెయ్. డీజిల్ పంపు మీది పేరు రేకు, రబ్బరు పైపులు, ఇంజన్ నంబరు గీసిన చోటు మాస్కింగ్ టేపుతో మూసెయ్. రేపు ఇన్‌స్పెక్టర్ నంబరు చూడాలంటే కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దుతాడు. రంగు దట్టంగా ఉంటే అంకెలు పడవు, అప్పుడు మొదలవుతుంది నీకు టెన్షన్.

జిడ్డు వదిలించడానికే ఎక్కువ రోజులు పెట్టుకో. కిరోసిన్, తర్వాత సర్ఫు నీళ్లు, చివర థిన్నర్ గుడ్డ. గుడ్డ తెల్లగా వచ్చేదాకా ప్రైమర్ డబ్బా మూత తీయకు. ఇప్పుడు రోహిణి కార్తె ఎండలు, గన్‌లోంచి వచ్చిన రంగు ఇనుముకి తగిలేలోపే ఆరిపోయి గరుకు తేలుతుంది. వానాకాలం ముసురులో థిన్నర్ తేమ పట్టి రంగు తెల్లగా పాలిపోతుంది. కార్తీకంలో ఎండ వచ్చాక, పొద్దున పూట పల్చగా రెండు పూతలు కొట్టు. అప్పటిదాకా ఇంజన్ పని చేయించు. రింగులూ, ప్యాకింగులూ ఎటూ ఆలస్యమే అవుతాయి.

వచ్చే వారం ట్యాపెట్ కవర్ గుడ్డలో చుట్టుకుని రా. నాకు తెలిసిన రంగుల కొట్టు ఉంది, ఇద్దరం కలిసి వెళ్దాం. మధ్యాహ్నం భోజనం ఇంట్లోనే.

ఇట్లు,
మీ మావయ్య