మానస సరోవరం సరే, అమ్మ దగ్గర ఎవరుంటారు?

ప్రశ్న: వచ్చే జూన్‌లో 62 నిండి రిటైరవుతున్నాను. ఇన్నాళ్లూ ఉద్యోగం, పిల్లల చదువులు, పెళ్లిళ్లతోనే సరిపోయింది. ఇకనైనా నా కోసం బతకాలని, చేయాలనుకున్నవన్నీ డైరీలో రాసుకున్నాను. కైలాస మానస సరోవరం, పన్నెండు జ్యోతిర్లింగాల్లో ఇంకా చూడని ఏడు, బైక్ మీద లద్దాఖ్, మృదంగం నేర్చుకోవడం. ఆ మాటెత్తితే నా భార్య ముఖం ముడుచుకుంటుంది. ‘ఇప్పుడవన్నీ ఎందుకండీ’ అంటుంది. ఆవిడకు దేనిమీదా ఆసక్తి లేదు. మొన్న సొంత అన్న కూతురి పెళ్లికి కూడా ముహూర్తానికి వెళ్లి సాయంత్రానికి వచ్చేసింది. మా అమ్మకు 86 ఏళ్లు, రెండేళ్లుగా మంచంలోనే ఉంది. నా భార్య చూసుకుంటుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. అక్క గుంటూరులో, తమ్ముడు బెంగళూరులో ఉంటారు. భార్యను ఎలా ఒప్పించాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: భార్యను ఒప్పించే ఉపాయం నేను చెప్పను. మీ ఉత్తరంలో అసలు విషయం అది కాదు. ‘నా భార్య చూసుకుంటుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు’ అని రాశారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. ఎవరికి లేదు ఇబ్బంది?

మంచం పట్టిన మనిషిని చూసుకోవడమంటే రెండు పూటలా అన్నం పెట్టడం కాదు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, రాత్రిళ్లు కూడా. లేకపోతే నడుం కింద, మడమల దగ్గర చర్మం కందిపోయి పుండ్లు పడతాయి. ఒళ్లు తుడవాలి, డైపర్ మార్చాలి, దుప్పటి తడిస్తే మనిషిని ఇటు దొర్లించి అటు దొర్లించి కిందది లాగి కొత్తది వేయాలి. వీపు వెనక దిండ్లు పెట్టి వీలైనంత నిటారుగా కూర్చోబెట్టి, మెత్తగా పిసికిన అన్నం పొలమారకుండా చెంచాతో పెట్టాలి. రెండేళ్లుగా ఈ పని చేస్తున్న మనిషి దగ్గరికెళ్లి ‘నేను లద్దాఖ్ వెళ్తున్నా’ అంటే ముఖం ముడుచుకోక ఏం చేస్తుంది?

మేనకోడలి పెళ్లికి వెళ్లిన మేనత్త అప్పగింతల దాకా కూడా ఉండకుండా లేచి వచ్చిందంటే, దాన్ని మీరు ఆసక్తి లేకపోవడం అనుకున్నారు. పుట్టింటి పెళ్లి మీద ఆసక్తి లేని ఆడపడుచును నేనింతవరకూ చూడలేదండీ. ఆ రాత్రి అత్తగారి డైపర్ ఎవరు మారుస్తారన్న ఆలోచన మీ ఇద్దరిలో ఆవిడ ఒక్కరికే వచ్చింది. అందుకే బస్సెక్కి వచ్చేసింది.

నా అభిప్రాయం సూటిగానే చెప్తాను. తల్లిని చూసుకోవాల్సింది కన్నబిడ్డలు. కోడలు చేస్తోందంటే అది ఆవిడ మంచితనం, దాన్ని వంశపారంపర్య హక్కులా వాడుకోకూడదు. మీ అక్క, తమ్ముడు పండక్కి వచ్చి పళ్లు ఇచ్చి వెళ్లిపోతుంటే మీరెప్పుడైనా నోరు తెరిచి అడిగారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు.

మీ కోరికలు తప్పని నేననను. అరవై దాటాక మృదంగం పట్టుకుంటానంటే నాకు సంతోషంగా ఉంది. అది ఇంట్లో కూర్చుని నేర్చుకునేది, రేపే మొదలుపెట్టండి. మానస సరోవరానికి తొందర ఉన్నమాటా నిజమే. కేంద్ర విదేశాంగ శాఖ నడిపే ఆ యాత్రకు 70 ఏళ్లు దాటితే తీసుకోరు. 2020 నుంచి 2024 దాకా అసలు జరగనే లేదు, 2025లో మళ్లీ మొదలైంది. దరఖాస్తు చేసినా కంప్యూటర్ డ్రాలో పేరు రావాలి, ఢిల్లీలో వైద్య పరీక్షలు నెగ్గాలి, ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే బీఎంఐ 25 మించకూడదు. కైలాసం చుట్టూ చేసే పరిక్రమలో డోల్మా లా కనుమ 18 వేల అడుగుల పైన ఉంటుంది, ఊపిరి అందదు. కాబట్టి ఇప్పటి నుంచే పొద్దున్నే నడవండి. మీకింకా ఎనిమిదేళ్లుంది. మీ అమ్మగారికి అంత లేదు.

రిటైరైన మొదటి నెల ఎక్కడికీ వెళ్లకండి. మీ ఆవిడను పుట్టింటికి పంపండి, కనీసం పదిహేను రోజులు. ‘వంట చేసిపెట్టి వెళ్తాను’ అంటుంది, వద్దనండి. ఈలోగా ఆవిడ పక్కన నిలబడి అన్నీ నేర్చుకోండి. ఆ పదిహేను రోజులూ అమ్మ పని మీరే చేయండి, స్నానాలకూ బట్టలు మార్చడానికీ ఆయాను పెట్టుకోండి. గ్రాట్యుటీ డబ్బులు వస్తాయి కదా, బైక్ కంటే ముందు ఆయా జీతానికి కొంత పక్కన పెట్టండి. ఇది ఆవిడకు సాయం చేయడం అని మాత్రం ఎవరితోనూ అనకండి, మీ అమ్మను మీరు చూసుకుంటున్నారంతే.

‘నువ్వూ నీ కోరికలు రాయి’ అని ఆవిడ చేతిలో డైరీ పెట్టకండి. ‘నాకేం కోరికలున్నాయండీ’ అంటుంది, మీరు అదే నిజమనుకుంటారు. రెండేళ్లుగా రాత్రి పూర్తిగా నిద్రపోని మనిషికి ముందు నిద్ర కావాలి, కేదారనాథ్ తర్వాత సంగతి. కాస్త తేరుకున్నాక మీతో వస్తానంటే ఆ ఏడు క్షేత్రాల్లో కొన్నయినా ఇద్దరూ కలిసి చూడండి. రానంటే బలవంతం చేయకండి.

ఈ ఆదివారం అక్కకూ తమ్ముడికీ ఫోన్ చేసి, ఏడాదిలో ఎవరు ఎన్ని నెలలు వచ్చి అమ్మ దగ్గర ఉంటారో తేల్చుకోండి. రాలేనివాళ్లు ఆయా ఖర్చు పంచుకోవాలి. మాటామాటా వస్తే రానివ్వండి. ఆ ఫోన్ మాత్రం మీరే చేయాలి, మీ ఆవిడ చేత చేయించకండి.